మా పిల్లలు ఏ వరసలో కూచోవాలి?

ఒక దేశం బడిపిల్లలు ఇంకో దేశం బడిపిల్లలకు ఉత్తరాలు రాయడం, ఒకరి ఊరికి ఒకరు పోయి రావడం, ఒకరి పాఠం ఒకరు చదవడం చాలా మంచి పని అని అందరూ అంటారు. స్కూలు వార్షికోత్సవం నాడు ఆ ఫొటోలు గోడకు అతికిస్తారు. రెండు జెండాలు, నడుమ నవ్వుతున్న పిల్లలు. జపాన్ పిల్ల కాగితం కొంగను మడిచి పంపితే తల్లిదండ్రులు మురిసిపోతారు. అమెరికా నుంచి ఉత్తరమొస్తే పక్కింటివాళ్లకు చూపిస్తారు. అదే ఉత్తరం కరాచీ నుంచో లాహోర్ నుంచో వస్తే? అదీ ఒక సాయిబుల పిల్లాడి పేరు మీద వస్తే? అప్పుడది ఉత్తరం కాదు. గవాహీ. సాక్ష్యం.

అందుకే ఈ ముచ్చటను మేం అందరిలాగా మాట్లాడలేం. పిల్లల నడుమ దోస్తీ అనగానే మాకు ముందు ఒక ప్రశ్న లేస్తుంది. రెండు దేశాల పిల్లలు ఎదురెదురుగా రెండు వరసల్లో కూచున్నప్పుడు, సొంత దేశంలోనే పరాయివాడనిపించుకున్న పిల్లాడు ఏ వరసలో కూచోవాలి? ఈ ప్రశ్న చేతిలో పెట్టుకుని బడుల దోస్తీ చరిత్ర చదివితే, పొగడ్తల్లో కనబడనివి కొన్ని కనబడతాయి.

ఉర్దూలో చరిత్రను తారీఖ్ అంటారు. తెలుగులో తారీఖు అంటే కేలండర్లో రోజు. రెండు భాషల నడుమ పెరిగినవాళ్లకు ఈ రెండర్థాలూ ఒకేసారి వినబడతాయి. బడిలో మాకు చెప్పిన చరిత్ర చాలామట్టుకు తారీఖులే. ఫలానా ఏడు ఫలానావాడి దండయాత్ర. ఎవడు గెలిచాడు, ఏం దోచాడు, ఏం కూల్చాడు. గజనీ మహమూద్ పాఠం వచ్చిన రోజు క్లాసులో తలకాయలన్నీ ఒకవైపు తిరుగుతాయి. వెనక బెంచీ మీద కూచున్న ముస్లిం పిల్లాడి వైపు. వాడి నాయన సైకిల్ పంక్చర్లు వేస్తాడు, లేదంటే దూదేకుతాడు. వాడి తాతముత్తాతలు ఈ మట్టిలోనే పుట్టి ఈ మట్టిలోనే కలిశారు. గజనీ ఎక్కడుందో వాడికి తెలీదు. అయినా ఆ గంటసేపూ వాడే గజనీ. మావాళ్లలో బడికి పోయి ఈ చూపు తగలకుండా బయటపడ్డవాళ్లు తక్కువ.

దేశాల నడుమ పగ బడిలో పుట్టకపోవచ్చు. కానీ బడిలోనే పెరుగుతుంది, ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరుతుంది. ఈ సంగతి పసిగట్టి ముందుగా కలిసి కూచున్నవాళ్లలో యూరప్‌లో చరిత్ర చెప్పుకునే పంతుళ్లున్నారు.

ఫ్రాన్స్, జర్మనీలు 1870 నుంచి 1945 దాకా 75 ఏళ్లలో మూడుసార్లు కొట్టుకున్నాయి. నడుమ నలిగింది అల్సాస్ ప్రాంతం. 1871లో అది జర్మనీది. 1918లో ఫ్రాన్స్‌ది. 1940లో మళ్లీ జర్మనీది. ఆ యుద్ధం ముగిసేసరికి మళ్లీ ఫ్రాన్స్‌ది. తాత ఒక భాషలో బడి చదువు చదివితే కొడుకు ఇంకో భాషలో చదివాడు. అల్ఫోన్స్ దోదే 'చివరి పాఠం' అనే కథ రాసింది ఈ అల్సాస్ గురించే. ఇక నుంచి బడుల్లో జర్మన్ ఒక్కటే చెప్పాలని బెర్లిన్ నుంచి హుకుం వస్తుంది. ఊరి పంతులు చివరిసారి ఫ్రెంచ్ పాఠం చెబుతాడు. మన దేశంలో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి ఇంగ్లీషు పుస్తకం చదివిన పిల్లలకు ఈ కథ తెలుసు.

హైదరాబాద్‌లో ఉర్దూ చదువుకున్న పెద్దలకు ఆ కథ సొంత కథలా ఉంటుంది. 1918లో పుట్టిన ఉస్మానియా యూనివర్సిటీ వైద్యం, ఇంజనీరింగు దాకా ఉర్దూలో చెప్పింది. 1948 తర్వాత ఆ భాష అక్కడి తరగతి గదుల్లోంచి తప్పుకుంది. నిజమే. కానీ అంతకుముందు అదే రాజ్యంలో, జనంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు పెద్ద చదువుల్లో చోటు లేదు. తెలుగు పిల్లాడు తన ఇంటి భాషను గడప దగ్గర వదిలేసి కాలేజీకి పోయాడు. దోదే కథలోని పంతులు దుఃఖం మన రెండిళ్లలోనూ వినబడాలి. ఒక ఇంట్లోనే వినబడితే అది సగం కథే అవుతుంది.

1935లో ఫ్రాన్స్, జర్మనీ చరిత్ర పంతుళ్లు కొందరు కలిసి కూచున్నారు. మొదటి ప్రపంచయుద్ధం ఎందుకొచ్చింది, ఎవరి పుస్తకంలో ఏం తప్పుంది అని చర్చించి, ఇద్దరూ ఒప్పుకున్న మాటలు కాగితం మీద పెట్టారు. అప్పటికే జర్మనీలో నాజీల రాజ్యం. ఆ కాగితం జర్మనీ బడుల దాకా పోలేదు.

ఆ ప్రయత్నంలో పాలుపంచుకున్న ఒక ఫ్రెంచ్ పంతులు పేరు జ్యూల్ ఇజాక్. ఆయన యూదుడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ తరఫున కందకాల్లో పోరాడి గాయపడ్డవాడు. ఫ్రాన్స్‌లో తరాల తరబడి పిల్లలు చదివిన చరిత్ర పాఠ్యపుస్తకాల మీద ఆయన పేరుండేది. 1936లో దేశం మొత్తానికి చరిత్ర బోధన తనిఖీ చేసే పెద్ద ఉద్యోగం ఇచ్చారు. 1940లో హిట్లర్‌కు లొంగిన విషీ ప్రభుత్వం యూదుల మీద చట్టం తెచ్చి ఆయన్ను తీసేసింది. 1943లో ఆయన భార్యనూ కూతురినీ పట్టుకుపోయారు. ఆష్విట్జ్ నుంచి వాళ్లు తిరిగి రాలేదు. ఇజాక్ మిగిలాడు. మిగిలిన బతుకంతా ఒకే పని చేశాడు. క్రైస్తవుల పాఠాల్లో యూదుల మీద ద్వేషం ఎట్లా చొరబడిందో వెతికి రాశాడు. 1948లో యూదులకూ క్రైస్తవులకూ స్నేహ సంఘం పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. 1960లో పోప్ ఇరవై మూడో జాన్‌ను కలిసి పాఠం మార్చమని అడిగాడు. 1963లో చనిపోయాడు. యూదుల గురించి చర్చి తన మాట మార్చుకున్న ప్రకటన 1965లో వచ్చింది.

దేశానికి చరిత్ర రాసిచ్చినవాడు, దేశం కోసం నెత్తురు ధారపోసినవాడు ఒక్క పేరు వల్ల పరాయివాడైపోయాడు. ఇది చదివినప్పుడు ఫ్రాన్స్ మాకు దూరదేశం అనిపించదు.

యుద్ధం ముగిశాక పంతుళ్లు మళ్లీ మొదలుపెట్టారు. 1950లో జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్, ఫ్రాన్స్‌లోని మోంబెలియార్ పట్టణాలు జంట కట్టాయి. రెండు దేశాల నడుమ అదే మొదటి జంట. 1951లో జర్మన్ పంతులు జార్జ్ ఎకర్ట్ బ్రౌన్‌ష్వైగ్‌లో పాఠ్యపుస్తకాలను పోల్చి చూసే సంస్థ పెట్టాడు. అదే ఏడు రెండు దేశాల చరిత్రకారులు తగాదా అంశాల మీద ఒక ఒప్పందానికి వచ్చారు. 1962 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గాల్ లుడ్విగ్స్‌బర్గ్ పోయి జర్మన్ యువకులతో జర్మన్ భాషలోనే మాట్లాడాడు. 1963 జనవరి 22న ఎలిసే ఒప్పందం, జూలై 5న రెండు దేశాల ఉమ్మడి యువజన కార్యాలయం. ఖర్చు ఇద్దరూ సమానంగా పెట్టుకున్నారు. బడి పిల్లలు, ఆటల క్లబ్బుల పిల్లలు, చేతిపనులు నేర్చుకునే కుర్రవాళ్లు 90 లక్షలమందికి పైగా ఇప్పటిదాకా ఆ దారిన పోయి వచ్చారు.

ఇందులో మేం గమనించాల్సింది ఒకటుంది. ఎవరో నలుగురు మంచివాళ్ల మనసు కరిగి ఇంత పని జరగలేదు. ఒప్పందం రాసుకున్నారు, బడ్జెట్ పెట్టారు, ఆఫీసు తెరిచారు. ప్రభుత్వాలు మారినా ఆఫీసు మూయలేదు. ఒక ఏడు తగువు వచ్చిందని పిల్లల్ని సగం దారిలోంచి వెనక్కి పిలవలేదు. 2003లో ఒప్పందానికి 40 ఏళ్లు నిండినప్పుడు రెండు దేశాల హైస్కూలు విద్యార్థులు బెర్లిన్‌లో సమావేశమై, మా రెండు దేశాలకూ ఒకే చరిత్ర పుస్తకం కావాలన్నారు. 2006లో మొదటి భాగం వచ్చింది. తర్వాత 2008లో, 2011లో మిగతావి. రెండు భాషల్లో ఒకే పాఠం. సిలబస్‌లు కుదరక చాలా బడులు దాన్ని వాడలేదు, అదీ నిజమే. కానీ తాతలు తుపాకులు పట్టుకున్నచోట మనవలు ఒకే పుస్తకం అడిగారు. అది చిన్న సంగతి కాదు.

ఇక్కడిదాకా అందరూ చెబుతారు. ఆ తర్వాతి మాట మాలాంటివాళ్లు చెప్పాలి. ద గాల్ జర్మన్ యువకుల్ని మెచ్చుకోవడానికి 11 నెలల ముందు, 1961 అక్టోబర్ 17న, పారిస్ వీధుల్లో ఊరేగింపు తీసిన అల్జీరియన్ల మీద పోలీసులు విరుచుకుపడ్డారు. ఎందరినో చంపారు, కొందరిని సేన్ నదిలో పడేశారు. అదే నెల 30న జర్మనీ కూలీల కోసం తుర్కీతో ఒప్పందం చేసుకుంది. ఆ కూలీల పిల్లలు జర్మన్ బడుల్లోనే చదివారు. అయినా 2000 జనవరిలో కొత్త చట్టం అమల్లోకి వచ్చేదాకా అక్కడ పుట్టిన పిల్లాడికి పుట్టుకతో పౌరసత్వం లేదు. సరిహద్దు అవతలి పిల్లాడితో చేయి కలపడం నేర్పిన బడి, పక్క బెంచీ మీది అహ్మద్ పేరు సరిగ్గా పలకడం నేర్పలేదు. చాలా ఏళ్లు గడిచాకే వాళ్ల వైపు చూపు మళ్లింది. రెండు జెండాల ఫొటోలో చోటు లేని పిల్లలు ఎప్పుడూ ఉంటారు. వాళ్లను అడక్కుండా రాసిన దోస్తీ చరిత్ర మాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు.

ఇంకో చోటికి పోదాం. 1993లో జాన్ వాలక్ అనే అమెరికన్ జర్నలిస్టు మెయిన్ రాష్ట్రంలో ఒక చెరువు ఒడ్డున వేసవి శిబిరం పెట్టాడు. పేరు సీడ్స్ ఆఫ్ పీస్. మొదటి ఏడు ఇజ్రాయెల్, పాలస్తీనా, ఈజిప్టు పిల్లలు 40 మందికి పైగా వచ్చారు. ఒకే గదిలో పడుకున్నారు, ఒకే బల్ల దగ్గర తిన్నారు, రోజూ కూచుని కొట్లాడుకున్నారు. 2001 నుంచి భారత్, పాకిస్తాన్ పిల్లలు కూడా పోయారు.

ఆ శిబిరానికి పోయినవాళ్లలో ఆసిల్ అస్లెహ్ ఒకడు. గలిలీ ప్రాంతంలోని అర్రాబా ఊరివాడు. పౌరసత్వం ఇజ్రాయెల్‌ది, పుట్టుక అరబ్బు. ఒక వరసకు పౌరుడు, ఇంకో వరసకు నెత్తుటి బంధువు. 2000 అక్టోబర్ 2న అతని ఊరి దగ్గర నిరసన జరిగింది. పోలీసులు కాల్చారు. ఆసిల్ చనిపోయాడు. వయసు 17. ఒంటి మీద ఆ శాంతి శిబిరం ఇచ్చిన ఆకుపచ్చ చొక్కా ఉంది. ఆ రోజుల్లో జరిగిన చావుల మీద ఓర్ కమిషన్ విచారణ జరిపి 2003లో నివేదిక ఇచ్చింది. ఒక్క పోలీసు మీద కూడా కేసు పెట్టలేదు.

శిబిరం దండగ అని మేం అనం. ఆ చొక్కా అతను ఇష్టపడి వేసుకున్నాడు. కానీ పిల్లాడికి దోస్తీ నేర్పి, వాడు తిరిగొచ్చే వీధిని అట్లాగే వదిలేస్తే ఆ భారం ఎవరి మీద పడుతుందో ఆసిల్ చావు చెబుతుంది.

అదే నేల మీద ఇద్దరు ప్రొఫెసర్లు, పాలస్తీనా నుంచి సామీ అద్వాన్, ఇజ్రాయెల్ నుంచి డాన్ బార్-ఆన్, రెండు వైపుల పంతుళ్లను కూడగట్టి ఒక పాఠ్యపుస్తకం తయారుచేశారు. ఒకే చరిత్ర రాయడం ఇప్పట్లో కుదరదని వాళ్లకు తెలుసు. అందుకని పేజీని మూడు నిలువు వరసలు చేశారు. ఒక పక్క ఇజ్రాయెల్ వాళ్ల కథ. ఇంకో పక్క పాలస్తీనా వాళ్ల కథ. నడిమి వరస ఖాళీ. అక్కడ పిల్లాడు తన మాట రాసుకోవాలి. రెండు వైపుల విద్యాశాఖలూ దాన్ని తమ బడుల్లోకి రానివ్వలేదు. బార్-ఆన్ 2008లో కన్నుమూశాడు. ఖాళీ వరస ఉన్న పాఠ్యపుస్తకం చూస్తే ప్రభుత్వాలకు ఎందుకు భయమో ఆలోచించండి.

ఇక మన ఇంటి ముచ్చట. భారత్, పాకిస్తాన్ బడిపుస్తకాలను పక్కపక్కన పెట్టి చదివి కృష్ణకుమార్ 2001లో ఒక పుస్తకం రాశాడు. ఒకే స్వాతంత్ర్యపోరాటం, రెండు కథలు. దేశవిభజన ఇక్కడ గాయం, అక్కడ గెలుపు. పాకిస్తాన్‌లో ఈ పని ఇంకా ముందే జరిగింది. కె.కె. అజీజ్ 66 పాఠ్యపుస్తకాలను పరీక్షించి, అక్కడ చరిత్రను హత్య చేశారని 1993లో రాశాడు. 2003లో ఎ.హెచ్. నయ్యర్, అహ్మద్ సలీం ఒక నివేదిక తెచ్చారు. హిందువుల మీద, భారత్ మీద పిల్లలకు ద్వేషం ఎట్లా నేర్పుతున్నారో పేజీలు చూపి చెప్పారు. అక్కడి మైనారిటీ పిల్లాడు, సింధ్‌లోని హిందువు, పంజాబ్‌లోని క్రైస్తవుడు, తన క్లాసులో ఏ చూపు భరిస్తాడో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా వెనక బెంచీ, వాడి వెనక బెంచీ ఒకటే.

2010లో కరాచీలోని సిటిజన్స్ ఆర్కైవ్ ఆఫ్ పాకిస్తాన్, ఢిల్లీలోని రూట్స్ టు రూట్స్ కలిసి రెండు దేశాల బడులను జతచేశాయి. పిల్లలు చేత్తో ఉత్తరాలు రాసుకున్నారు. పోస్టుకార్డులు, ఫొటోలు పంపుకున్నారు. విభజన గురించి తాతల్ని నానమ్మల్ని అడిగి రాసుకున్నారు. 2013లో కొందరు పాకిస్తానీ యువకులు ఇంకో పని చేశారు. ఒకే సంఘటన గురించి రెండు దేశాల బడిపుస్తకాలు చెప్పేదాన్ని ఎదురెదురు పేజీల్లో అచ్చేసి పుస్తకం తెచ్చారు. వాళ్లలో సీడ్స్ ఆఫ్ పీస్ శిబిరానికి పోయి వచ్చినవాళ్లున్నారు.

2017 మే 1న లాహోర్ నుంచి 50 మంది బడిపిల్లలు పంతుళ్లతో ఢిల్లీకి వచ్చారు. ఏడాది పొడుగునా ఉత్తరాలు రాసుకున్న దోస్తుల్ని కళ్లారా చూడాలని. ఆగ్రా పోయి తాజ్‌మహల్ చూడాలని. అదే రోజు పూంచ్ దగ్గర నియంత్రణ రేఖ మీద ఇద్దరు భారత జవాన్లను చంపి శవాలను ఛిద్రం చేశారని భారత్ ప్రకటించింది. పాకిస్తాన్ కాదంది. దేశమంతా కోపం. ఆ జవాన్ల ఇళ్లలో దుఃఖం నిజం, దాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. మే 3న పిల్లలు ఆగ్రా చూడకుండానే వాఘా దాటి వెనక్కిపోయారు. ఈ సమయంలో రాక సరికాదని విదేశాంగ శాఖ అంది. ఫ్రాన్స్, జర్మనీలు ఆఫీసు పెట్టి కాపాడుకున్నది ఈ ఒక్క దాన్నే. కోపం వచ్చిన రోజున కూడా పిల్లల బండి ఆగకూడదనే నియమాన్ని. మనకు అదే లేదు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మే 3న పాకిస్తాన్ నుంచి వచ్చే ఉత్తరాలూ పార్సిళ్లూ అన్నిటినీ భారత్ నిలిపేసింది.

ఉత్తరం ఆగిపోతే ఏమవుతుందో హైదరాబాద్ పాతబస్తీకి తెలుసు. 1948 తర్వాత ఎన్నో కుటుంబాలు రెండు ముక్కలయ్యాయి. అన్న ఇక్కడ, తమ్ముడు కరాచీలో. కరాచీలో హైదరాబాద్ కాలనీ ఉంది, బహదూర్ యార్ జంగ్ పేరున బహదూరాబాద్ ఉంది, అక్కడి కూడలిలో చార్మినార్ నమూనా కూడా ఉంది. ఒకప్పుడు ఖత్ వచ్చిందంటే పెద్దవాళ్లు ఇంటిల్లిపాదికీ చదివి వినిపించేవారు. ఇప్పటి పిల్లల్లో చాలామంది తెలుగు, ఇంగ్లీషు మీడియాల్లో చదివి ఉర్దూ లిపి చదవలేరు. ఆ ఖత్‌లు పెట్టెల్లో ఉన్నా వాళ్లకు మూగవే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మేం ఈ దేశానికీ పాకిస్తాన్‌కూ నడుమ వంతెన కాదు. ఆ డ్యూటీ మాకెవరూ వేయనక్కర్లేదు. మేం ఇక్కడివాళ్లం, అంతే. కానీ పొరుగుదేశం బొమ్మను బడిలో ఎంత వికారంగా గీస్తే ఆ రంగు అంతా మా పిల్లల మొహాల మీద పడుతుంది. కాబట్టి ఆ దేశం పిల్లలతో ఈ దేశం పిల్లలు మాట్లాడుకోవాల్సిన అవసరం అందరికన్నా మాకే ఎక్కువ. అడగడానికి భయం కూడా మాకే ఎక్కువ. ఈ మాట మా నోటి నుంచి కాకుండా ముందు మెజారిటీ పంతుళ్ల నోటి నుంచి రావాలని మేం కోరేది అందుకే.

అంతదూరం ఇప్పుడు దారి లేకపోతే దగ్గర్లోనే మొదలుపెట్టొచ్చు. సెప్టెంబర్ 17 ఒక్క తారీఖే. దాని మీద తారీఖ్‌లు ఎన్ని! ఒకరు విమోచన అన్నారు, ఒకరు విలీనం అన్నారు, ఒకరు సమైక్యతా దినం అన్నారు, మా ముసలమ్మలు పోలీస్ యాక్షన్ అనే అంటారు. ఒక బడి పుస్తకంలో రజాకార్ల దౌర్జన్యం ఉంటుంది. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి జనాన్ని కాల్చి చంపింది నిజం, ఉండాల్సిందే. అదే ఏడాది సైన్యం వచ్చాక జరిగిన హత్యాకాండలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ లెక్కగట్టింది. ఆ నివేదిక జనానికి అందడానికి 2013 దాకా పట్టింది. అదీ నిజం, అదీ ఉండాలి. పాతబస్తీ ఉర్దూ బడిని, సిద్దిపేట వైపు ఒక తెలుగు బడిని జతచేయండి. పిల్లలు ఇంటికి పోయి నానమ్మల్ని, దాదీలను అడిగి రాసుకు రానివ్వండి. ఒక పేజీ, మూడు నిలువు వరసలు. నడిమిది ఖాళీ.

ఆ నడిమి వరసలో మొదటి పేరు మేమే రాసిస్తాం. షోయబుల్లా ఖాన్. 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు, ముస్లిం. రజాకార్లను ఎదిరించి, హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో రజాకార్లు నడివీధిలో కాల్చి, చేయి నరికి చంపారు. ఒక వరసవాళ్లు ఆయన్ను ద్రోహి అన్నారు. ఇంకో వరసవాళ్లు ఏటా ఒక దండ వేసి, ఆయన మతంవాళ్లను మాత్రం ఇంకా సర్టిఫికెట్ అడుగుతున్నారు. జ్యూల్ ఇజాక్, ఆసిల్ అస్లెహ్, షోయబుల్లా ఖాన్. మా పిల్లలు కూచునే వరస అదే. మిగతా పిల్లలు వచ్చి పక్కన కూచుంటే అదే అందరి క్లాసు.